రిజ్వానా కుట్టిన లేసు

రిజ్వానాతో బేరమాడితే మన గొంతు ఎండిపోవడమే గానీ ఒక్క రూపాయి తగ్గదు. అలాగని ఉత్త చేతులతోనూ పంపదు. జాకెట్టు కుట్టించుకుంటే మిగిలిన ముక్కతో చేతిరుమాలు, పరదా కుట్టించుకుంటే దాన్ని కట్టడానికి ఒక తాడు, ఏదో ఒకటి కొసరుగా చేతిలో పెడుతుంది. "అడిగినంతే ఇస్తే నాకు నిద్ర వట్టది" అంటుంది. సిద్దిపేటలో మా గల్లీ ఆడవాళ్లమందరం ఆ కొసరుకు మరిగినవాళ్లమే.

ఆమె ఇంటి వెనక సందులో దుర్గవ్వ మగ్గం ఉంది. నెత్తిన చల్లకుండ పెట్టుకుని నడిచే గొల్లభామల బొమ్మలను చీర అంచులో నేస్తుంది. చీరలు కొనేవాళ్లు తగ్గి దుర్గవ్వ మగ్గం ఆపేద్దామనుకుంటుంటే, ఆ బట్టతో సంచులు కుడదామని రిజ్వానాయే ముందుకొచ్చింది. చేతిపని సరుకును విదేశాలకు పంపే ఓంప్రకాశ్ నమూనా సంచి చూసి పెద్ద ఆర్డర్ తెచ్చాడు. దాంతో గల్లీలో కొందరికి పని దొరికింది. గుండీలు కుట్టే పని నాది.

"అంత దూరం పోయేటియి, ఉత్తగనే పంపుతమా?" అంది రిజ్వానా. నమూనాలో లేకపోయినా, ప్రతి సంచికీ అడుగు అంచు మీద తళతళలాడే వెండిరంగు లేసు వేసింది. ఖర్చు తనదే. మాకందరికీ ముచ్చటేసింది. దుర్గవ్వ మాత్రం ఏమీ అనలేదు. ఆమె ఎప్పుడూ మితంగానే మాట్లాడుతుంది గనక ఎవరం పట్టించుకోలేదు.

సరుకు తీసుకెళ్లడానికి వచ్చిన ఓంప్రకాశ్ సంచిని చూసి తల పట్టుకున్నాడు.

"ఆపా, గీ లేసు ఏడిది?"

"హైదరాబాద్‌ల కొన్న. మంచిగున్నది కదా భయ్యా?"

ఆయన పక్కనే ఉన్న మిగిలిన లేసు చుట్టను తిప్పి చూపించాడు. అట్ట మీద చైనా అని అచ్చేసి ఉంది.

"మనసొంటి దేశాలకెళ్లి పోయే చేతిపని సరుకుకు అక్కడ సుంకం తగ్గిస్తరు. కానీ సరుకంత ఈడిదే కావాలె. గా తగ్గింపు ఉన్నదనే ఆళ్లు కొంటున్నరు. గిట్లనే పంపితే పూర సుంకం పడ్తది, ఆర్డర్ వాపస్ తీస్కుంటరు."

"లేసుకు నేను పైసలడిగిన్నా? కొసరుకు సుంకమేంది?" అని రిజ్వానా ఇంతెత్తున లేచింది. నాకూ ఒళ్లు మండింది. ప్రేమతో ఇచ్చినదాన్ని కూడా తూకం వేసేవాళ్లతో ఏం మాట్లాడతాం!

"కొసరని రాసేటందుకు ఆ కాయిదంల జాగ లేదు ఆపా. పొద్దుగూకేదాక ఉంట. విప్పితే తీస్కపోత."

రిజ్వానా విసురుగా లోపలికి పోయింది. ఆర్డర్ పోతే దుర్గవ్వ మగ్గం ఆగిపోతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాసేపటికి కత్తెర పట్టుకుని వచ్చి సంచుల ముందు చతికిలబడింది. మేమూ తలా ఒక సంచి తీసుకుని చుట్టూ కూర్చున్నాం. కుట్టు విప్పిన చోట చిన్న చిన్న చిల్లులు తేలితే, తడి వేలితో రుద్ది సర్దింది.

"గివి నేను కుట్టిన్నని ఎవ్వరికి చెప్పకు భయ్యా. ఉత్త సంచులు పంపిందనుకుంటరు" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మాటలు వినబడి దుర్గవ్వ మగ్గం దిగి వచ్చింది. విప్పిన సంచి ఒకటి తీసి, వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. అంచు మీద మెల్లగా వేలు పోనిచ్చింది.

"కాళ్లు కనవడుతున్నయి" అంది.

తొంగిచూశాం. నిజమే. గొల్లభామల పాదాలు, పాదాల పైన సన్నటి గజ్జెలు. అవన్నీ ఇన్నాళ్లూ లేసు కిందే దాగి ఉన్నాయి. రోజూ ఆ సంచులనే ఒళ్లో పెట్టుకుని గుండీలు కుట్టాను గానీ, ఆ బొమ్మలకు కాళ్లున్న సంగతే మరిచిపోయాను.

"గీ కాళ్లకాడనే నాకు కండ్లు గుంజుతయి. పోగు పోగు ఏరి నెయ్యాలె" అంది దుర్గవ్వ.

రిజ్వానా చేతిలోని కత్తెర ఆగింది. "ముందుగాల నాతోటి అనొద్దా అవ్వా?"

"నువ్వేమో పానం పెట్టి కుడుతుంటివి బిడ్డా. తియ్యమని ఏ నోటితోటి అనాలె?"

రిజ్వానా ఆమె చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది. తర్వాత మా ఒళ్లోని సంచులన్నీ లాక్కుంది. మిగిలిన లేసులన్నీ తనే విప్పింది, మమ్మల్ని ఒక్కదాన్నీ ముట్టుకోనివ్వలేదు.