కేబినెట్ మీద అమ్మ చీర

జర్మనీలోని ఆకెన్‌లో మా గదికి తక్కువ ఖర్చులో డెస్క్‌టాప్ బిగిద్దామని రూమ్మేట్ శ్రీకాంతూ నేనూ విడిభాగాలు ఎంచుకున్నాం. "క్లాసు, కోడింగు, పాటలు అన్నీ ఒక్కసారే తెరుస్తవ్ గదా, ర్యామ్ మంచిది తీస్కో. కేబినెట్ ఏదైతేంది?" అన్నాడు వాడు.

ఇవాళ పెట్టె విప్పగానే ఆ కొత్త వాసన! మన ఈడు వాళ్లకు గుర్తుందా, కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. మా అమ్మయితే కేబినెట్‌కు బొట్టు పెట్టి, పాత చీరతో తొడుగు కుట్టింది. కంప్యూటర్ నడుస్తుండగానే కప్పేసేది. "వేడెక్కి ఖరాబైతదమ్మా" అని మొత్తుకుంటే, "దుమ్ము వడితే కాదా?" అనేది.

అమ్మ పోయాక ఆమె చీర ఒకటి వెంట తెచ్చుకున్నాను. తొడుగు కుడదామని తీశాను గానీ, కత్తెర పెట్టడానికి చేతులు రాలేదు. బిగించి ఆన్ చేసిన కేబినెట్ మీద చీరనే కప్పేశాను.

"నడుస్తుంది గదరా, వేడెక్కుతది" అన్నాడు శ్రీకాంత్.

"దుమ్ము వడితే?" అన్నాను.