సరోజ మేడమ్‌కు నేను తాగించిన కొబ్బరినీళ్లు

కోలారు బస్టాండు బయట కొబ్బరిబోండాం మీద కత్తి పడిన చప్పుడు వింటే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. దాహమేసి కాదు, భయమేసి. నిన్న కూడా ఆగాను. బండి దగ్గరాయన "ఒకటి కొట్టేదా అక్కా?" అన్నాడు. వద్దని గబగబా నడిచాను.

సరోజ మేడమ్ బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో మాకు పీయూసీలో జీవశాస్త్రం చెప్పేవారు. చిత్తూరు వైపు పల్లె నుంచి గనిపనికి వచ్చిన కుటుంబం వాళ్లది. కూలీలను గనిలోకి దించే లిఫ్టు దగ్గర వాళ్ల నాన్న గేటు కాసేవారు. కణం చుట్టూ ఉన్నది కొవ్వు పొర, విద్యుదావేశమున్న అయాన్లు దాన్ని దాటలేవు, అందుకే ప్రోటీన్ దారులుంటాయి, పొటాషియం దారిలో పొటాషియమే పోతుంది అని ఒకరోజు చెప్పారు. నేను ఊరుకుంటానా! "సోడియం ఇంకా చిన్నది కదా మేడమ్, అదెందుకు దూరిపోదు?" అన్నాను.

మేడమ్ సుద్దముక్క కింద పెట్టారు. "మా నాయన గేటు కాడ మనిషి సైజు చూడలేదమ్మా, టోకెన్ చూసి పంపినాడు. అయాన్లు నీళ్లు కప్పుకోని వస్తాయి. ఆ నీళ్లు వాకిట్లో విడిచి లోపలికి పోవల్ల. పొటాషియాన్ని పట్టుకునేదానికి లోపల ఆక్సిజన్లు సరిగ్గా అమరి ఉండాయి. సోడియం మరీ చిన్నది, వాటికి అందదు. ఇంగ అది నీళ్లు యాడ విడుస్తుంది?" అన్నారు. ఆ క్షణంలోనే నేను టీచర్‌ని కావాలనుకున్నాను. అయ్యాను కూడా, వేమగల్‌లో.

చాలా ఏళ్లకు మేడమ్ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఉప్పు మానేయమన్నారని మాత్రమే ఆమె చెప్పారు. మా ఊరు సుగటూరులో, మా ఇంట, జబ్బు మనిషిని చూడటానికి ఒట్టి చేతులతో వెళ్లడం తెలియదు. ప్రతి ఆదివారం మా తోటలోని బోండాలు తీసుకెళ్లి, నేనే కొట్టి, గ్లాసులో పోసి ఇచ్చేదాన్ని. "నువ్వొస్తే పానం లేచి వస్తుందమ్మా లలితా" అని గటగటా తాగేవారు. నాకు ఎంత గర్వమో!

మూడో ఆదివారం రెండో గ్లాసు తాగిన కాసేపటికి, "కాళ్లు నావి కానట్టుండాయి" అంటూ కుర్చీలోనే ఒరిగిపోయారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఈసీజీ చూసి డాక్టరమ్మ ముఖం మారింది.

"ఏమి తాగినారు?"

"ఎళనీరే, మా తోట బోండాలవి" అన్నాను ధైర్యంగా.

"కిడ్నీ పేషెంటుకు ఎళనీరా? దాన్లోని పొటాషియం బయటికి పోక, రక్తంలో ఎక్కి గుండె నిలిచేటట్టుంది! ఏమి పని చేస్తారమ్మా మీరు?"

"సైన్స్ టీచర్‌ని" అన్నాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదీ నేను. రక్తంలో పొటాషియం పెరిగితే కణం లోపలికీ బయటికీ ఉన్న తేడా తగ్గుతుందని, అప్పుడు గుండె కండరంలోని సోడియం దారులు మూసుకుపోయి తెరుచుకోవని ఎన్నిసార్లు బోర్డు మీద రాయలేదు! ఆ బోండాలు కొట్టిచ్చిన నా చేతులను నేనే నమ్మలేకపోయాను.

సూదులు వేసి, డయాలిసిస్ చేసి బతికించారు. రెండు రోజుల తర్వాత ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను.

"నేను మాత్రం చదవలేదా? ఇచ్చిన డైట్ కాగితం మడిచి ఫైల్లో పెట్టినాను. మనిద్దరమూ ఫస్ట్ క్లాసే!" అని నవ్వారు. వెంటనే నవ్వు ఆపేశారు. "ఏడ్చింది చాలు. ఈ సంగతి దాచిపెట్టొద్దు. నీ పిల్లోళ్ల ముందర నిలబడి చెప్పు. నీ తప్పు, నా తప్పు, రెండూ."

మేడమ్ ఇంకో నాలుగేళ్లు ఉన్నారు. ఇప్పుడు లేరు. ఏటా పొటాషియం పాఠాన్ని "మా మేడమ్‌ను నేను చంపబోయాను" అన్న మాటతోనే మొదలుపెడతాను. మొన్న అలా చెబుతుండగా వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది.

"మిస్, మా అవ్వకు డయాలిసిస్. పొద్దున మా అమ్మ ఎళనీరు... ఒకసారి ఇంటికి ఫోన్ చేసేదా?"

పాఠం ఆపి నా ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. అవతల ఫోన్ ఎత్తేదాకా నలభైమంది పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు.