కుదురు మీద కూర్చున్న రేకు టోపీ

1938. కొత్త ఒరిస్సా రాష్ట్రం వచ్చి రెండేళ్ళు. బరంపురం గేట్ బజారులో ఒక రేకుల దుకాణంలో నేను కొలతలు చూసేవాణ్ణి. ఏ వస్తువుకు ఎంత రేకు పడుతుందో ముందే లెక్కగట్టి రాసే కాగితాన్ని ఎస్టిమేటు అంటారు. బడిలో నేర్చింది కాదు, పాత తొట్లూ గొట్టాలూ విప్పి చూసి నేర్చుకున్నాను. అందులో రెండు మాటలు ముఖ్యం. గేజి అంటే రేకు మందం. అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. అలవెన్సు అంటే అతుకుల కోసం కొలత మీద వదిలే అదనం. కొలతలో నేను దారుణంగా తప్పింది ఒక్కసారే.

ఆ చలికాలంలో కతోలిక గుడి పాదిరిగారు కాగితం మీద ఒక బొమ్మ పట్టుకొచ్చారు. నిలువెల్లా ఇనుము తొడుక్కున్న మనిషి.

"మా దేశంలో పాతకాలపు రౌతులు వీళ్ళు," అన్నారు చక్కటి తెలుగులో. "పీఠం ముందు మోకరించి ప్రమాణం చేసేవారు. ఆడవాళ్ళనూ బలహీనులనూ కాపాడతామని, ఆడిన మాట తప్పమని. మా సంఘంలో మగవాళ్ళంతా ఇలా ఉండాలని నా కోరిక. పండుగ ఊరేగింపులో ముందు ఒక రౌతు నడవాలి."

అందుకు ఆయన ఎంచుకున్నది గోపాలపురంలో చేపలు పట్టే రాయప్పని. ఆరడుగుల మనిషి.

"గుర్రమేది సామీ? నాకున్నది తెప్పే," అన్నాడతను.

"గుర్రం కాదు రాయప్పా, ప్రమాణం ముఖ్యం."

మనిషి ఒంటికి ఎస్టిమేటు వేయడం నాకదే మొదలు. సరదాగా కొలిచాను. ఛాతీ నలభై అంగుళాలు, తల ఇరవై ఆరున్నర. ఇరవై రెండో గేజి రేకు. టోపీ ఒక వీశె, అంటే మూడు పౌన్లు. డాలుతో సహా మొత్తం ఏడు వీశెలు.

పండుగ ముందురోజు దుకాణంలోనే తొడిగి చూశాం.

"బరువుగా ఉందా?" అడిగారు పాదిరిగారు.

"ఉందండి సామీ."

"ఈ బరువు మోసినవాడే మగవాడు."

టోపీ పెట్టగానే అది జారి ముక్కు మీద ఆగింది.

"సామీ, లోకం సీకటైపోనాది!" అన్నాడు రాయప్ప లోపలినుంచి.

నా తప్పు అప్పుడు తెలిసింది. తలపాగా తీయించకుండా కొలిచాను, ఇవాళ అతను అది లేకుండా వచ్చాడు. మళ్ళీ కోసి అతికే వ్యవధి లేదు.

అంతలో రాయప్ప భార్య మరియమ్మ వచ్చింది. ఏడో నెల. గోపాలపురం నుంచి పది మైళ్ళు నెత్తిన చేపల బుట్టతో నడిచొచ్చింది.

"ఓలమ్మ! మావా, డబ్బాలో దూరినావేటి? ముందు బుట్ట దించు."

అతను టోపీ తీసి పక్కన పెట్టి, బుట్ట దించాడు. అలవాటు కొద్దీ నేను దాన్ని కాటాకు తగిలించాను. "తొమ్మిది వీశెలు," అని పైకే అనేశాను. "రౌతు కంటే రెండు ఎక్కువ."

పాదిరిగారి ముఖం మారింది. "ఈ స్థితిలో ఈమె ఎందుకు మోస్తోంది?"

"మంత్రసాని మొయ్యొద్దనే సెప్పింది సామీ. మొయ్యకపోతే సేపలు నడిసొస్తాయేటి?" అంది మరియమ్మ.

రాయప్ప తల దించుకున్నాడు. "మగోడు సేపల బుట్ట నెత్తినెట్టుకుంటే పేటంతా నవ్వుతాది సామీ. ఏటకెల్లేది మగోడు, మోసేది ఆడది. తాతల కాడ్నించి అంతే."

పాదిరిగారు బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నారు.

మరియమ్మ తన నెత్తి మీది కుదురు తీసింది. బుట్ట కదలకుండా పాత చీర పేలికతో చుట్టిన చుట్ట అది. దాన్ని మొగుడి తల మీద పెట్టి, పైన టోపీ బోర్లించింది. అతికినట్టు కూర్చుంది.

"మా రౌతులూ ఇంతే!" అన్నారు పాదిరిగారు ఆశ్చర్యంగా. "ఇష్టపడిన స్త్రీ ఇచ్చిన గుడ్డముక్క టోపీకి కట్టుకునేవారు. ఇంత నీచు వాసన మాత్రం ఉండేది కాదేమో."

అందరం నవ్వాం. రాయప్ప నవ్వలేదు. టోపీ తీసి నా చేతికిచ్చాడు. కుదురు తీయలేదు. బుట్ట ముందు వంగాడు.

"లెక్కల బాబూ, కూసింత సెయ్యెయ్యండి."

"వద్దు మావా, నవ్వుతారు," అంది మరియమ్మ.

"రేకేసుకుని ఎల్తే నవ్వరేటి?"

నేను బుట్ట ఎత్తాను. ఒంటి మీద రేకూ వీపున డాలూ గలగలలాడుతుండగా అతను గేట్ బజారులోకి దిగాడు. "ఓరి రాయప్పా, గుర్రమే నీ మీదెక్కిందేట్రా!" అని వాళ్ళ పేటవాడే ఒకడు కేకేశాడు. అతను తిరిగి చూడలేదు. వెనక మరియమ్మ, ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక, పదేపదే పైట సర్దుకుంటూ నడిచింది. టోపీ నా దగ్గరే ఉంది గనుక అతని మీద పదిహేను వీశెలని లెక్కగట్టాను.

బిడ్డ పుట్టేదాకా బుట్ట అతనే మోశాడు. పేట నవ్వుతూనే ఉంది.

అప్పటినుంచి తలపాగా తీయించాకే టేపు పడతాను. ఆ పదిహేను వీశెల లెక్క మాత్రం తప్పేనని నాకిప్పటికీ అనిపిస్తుంది. బజారు నవ్వు బరువు అందులో వేయలేదు. అదెంతో బుట్ట ఎత్తుకున్నవాడికే తెలియాలి.