సంద్రం ఎటుందో చెప్పిన మనిషి

ముందు గొంతు వినిపిస్తుంది. పలాస బస్టాండు నుంచి కాశీబుగ్గ వైపు వెళ్ళే రోడ్డు మీద దుకాణాలన్నీ కట్టేశాక, సగానికి దించిన ఒక షట్టరు కింద నుంచి, ట్యూబులైటు వెలుతురుతో పాటు బయటికి జారి వస్తుంది. "హైలో..." అని. నీళ్ళ మీద చాలా దూరం పోవడానికి అలవాటుపడిన గొంతు అది. నాలుగు గోడల మధ్య దానికి చోటు చాలదు. సబ్బుల అరలకీ బిస్కెట్ల అరలకీ తగిలి తిరిగి వస్తుంది.

ఆ పిలుపు వెనకాల ఇంకో మాట రావాలి. బారువ తీరాన ఇసుకలో వల లాగడం చూసినవాళ్ళకు తెలుసు. ఒకడు "హైలో" అంటే పదిమంది "హైలెస్సా" అంటారు. ఆ రెండో మాట మీదే తాడు కదులుతుంది. ఇక్కడ రెండో మాట రాదు. ఆ తర్వాత తడి గోనెసంచి నేలను రాసుకుంటూ పోయే చప్పుడు. మళ్ళీ, ఒంటరిగా, "హైలో..."

షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చినవాడు పోలారావు. నలభై తొమ్మిదేళ్ళు. అరచేతుల్లో పాత తాళ్ళు కోసిన గీతలు. ఒంటి మీద కంపెనీ ఇచ్చిన ఆకుపచ్చ కోటు. దాని వీపు మీద 'టీమ్ లీడర్' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు అతనికి తప్ప అందరికీ కనిపిస్తాయి.

అతని పని రాత్రి పని. పెద్ద కంపెనీ సూపర్‌మార్కెట్లు ఏడాదికో రెండేళ్ళకో లోపలి రూపం మార్చుకుంటాయి. పప్పులు ఉన్నచోటికి పౌడర్లు వస్తాయి, పౌడర్లు ఉన్నచోటికి పళ్ళు వస్తాయి. పొద్దున వచ్చేవాళ్ళకు కొత్త కొట్టులోకి వచ్చినట్టుండాలి, కానీ ఎవరు మార్చారో కనపడకూడదు. రాత్రి పదికి షట్టరు దిగాక ఎనిమిదిమందితో లోపలికి వెళ్ళి, తెల్లారేలోగా కొట్టును తిరగేసి బయటికి రావడం పోలారావు పని. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా అతని చేతుల మీదుగా ఇటునుంచి అటు జరగని ర్యాకు లేదు.

మిగతా జట్లు ర్యాకులోని సరుకంతా కిందికి దించి, ర్యాకు జరిపి, మళ్ళీ ఎక్కిస్తాయి. మూడు రాత్రులు పడుతుంది. పోలారావు జట్టు ఒక్క సీసా కూడా దించదు. ర్యాకు కాళ్ళ కింద తడిపిన గోనెసంచులు దూర్చి, అడుగున కొబ్బరి తాడు చుట్టి, నలుగురు లాగుతారు, నలుగురు పట్టుకుంటారు. ఇసుకలో తెప్పను ఎక్కించినట్టే. నూనె సీసాలు కొంచెం వణికి ఊరుకుంటాయి. పదకొండేళ్ళ కింద శ్రీకాకుళంలో మూటలు మొయ్యడానికి వెళ్ళినప్పుడు, వడ్రంగులు కదపలేకపోయిన ఒక బియ్యం ర్యాకును అతను ఇలాగే లాగి చూపించాడు. అప్పటికే వేట సన్నగిల్లి, గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద ఆరేళ్ళు అరిగిపోయి వచ్చినవాడు. కంపెనీ అతన్ని వదల్లేదు. తన ఊరివాళ్ళనే జట్టు కట్టుకున్నాడు. అందులో మొదటివాడు గణేష్, భార్య బంగారమ్మకు తమ్ముడు.

ఆ జట్టుకు కుడీ ఎడమా లేవు. 'సంద్రం పక్క', 'మెట్ట పక్క', అంతే. ఏ కొట్టుకు వెళ్ళినా ముందు పోలారావు గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి సముద్రం ఎటుందో చూపించేవాడు. ఆ తర్వాత కంపెనీ ఇచ్చిన మ్యాపు కాగితాన్ని దానికి సరిగా తిప్పి పట్టుకునేవాడు. టైల్సూ ఏసీలూ రంగు అద్దాలూ ఉన్న ఆ పెట్టెల్లో, పది మైళ్ళ అవతల ఉన్న కెరటం ఎనిమిదిమందికీ దారి చెప్పేది. తప్పు ఎప్పుడూ రాలేదు. చుక్కాని పట్టినవాడు చెప్పాక రెండో మాట ఉండదు. అది వాళ్ళు సముద్రం నుంచి తెచ్చుకున్న అలవాటు.

దానికి జతగా ఇంకో అలవాటు కూడా ఉంది. వల చిరిగితే, ఇక్కడ వెయ్యమని చెప్పినవాడే అందరికంటే ముందు సూది పట్టుకుని కూర్చోవాలి. "మాట నాది" అని ఒకసారి అనాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు కూర్చుంటారు. పోలారావు తండ్రి అలా కూర్చోవడం అతను చాలాసార్లు చూశాడు. నీళ్ళ మీద నేర్చుకున్న రెండింటిలో మొదటిదే అతను కొట్లలోకి తెచ్చుకున్నాడు.

రెండేళ్ళ కింద, ఏప్రిల్‌లో, టెక్కలి. కొత్త టైల్సు వేసిన స్టోరు. బిల్లింగ్ కౌంటర్లు తెల్లారాక వస్తాయి. ర్యాకులు మధ్యలో గుంపుగా నిలబడి ఉన్నాయి. పొద్దున తొమ్మిదికి రిబ్బను కత్తిరిస్తారు. మూడు రాత్రుల నుంచి నిద్ర లేని పోలారావు వ్యానులో పలాస దాటకముందే కునికాడు. ముందు వీధిలో కాలువ తవ్వుతున్నారని వ్యాను రెండు సందులు తిరిగి వెనక గుమ్మం దగ్గర ఆగింది. అదీ ముందు గుమ్మమంత వెడల్పే, నిద్రలో ఉన్నవాడికి తేడా తెలియదు. పోలారావు దిగి, షట్టరు కింద నిలబడి, నిద్ర ఇంకా రెప్పల మీద ఉండగానే చెయ్యి చాపాడు.

"సంద్రం ఇటు."

గణేష్ తాడు భుజాన వేసుకుని ఆగిపోయాడు. "బావా, నాకు అటనిపిస్తంది. లారీల సప్పుడు ఆ పక్కనుంచి వస్తంది. పెద్ద రోడ్డు అటేమో."

"నీకు సంద్రం నాను సూపించినానా, నువ్వు నాకు సూపిత్తన్నావా?"

జట్టులో అందరికంటే పెద్దవాడు వైకుంఠరావు నవ్వాడు. "ఈడు అత్తోరింటికెల్లినా గుమ్మం ఎటని అడుగుతాడు బావా. మొన్న గేదెల పాకలోకి ఎల్లిపోనాడంట."

"పాకలోకి కాదు మావా, పెరట్లోకి," అన్నాడు గణేష్. అందరూ నవ్వారు. గణేష్ కూడా నవ్వాడు. ఆ నవ్వులో సముద్రం వెనక్కి తిరిగింది.

ఆ రాత్రి పని ఎంత బాగా సాగిందో పోలారావుకు ఇప్పటికీ గుర్తు. "హైలో" అంటే "హైలెస్సా" అని కొత్త గోడలు కూడా అన్నాయి. నలభై ఆరు ర్యాకులు. ఒక్క సీసా పడలేదు. మూడింటికి సుద్దముక్కతో అతను నేల మీద గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. గణేష్ మోకాళ్ళ మీద వెనకాలే జరుగుతూ డ్రిల్లు దించాడు. ర్యాకుకు నాలుగు కాళ్ళు, కాలికో బోల్టు. టైల్సు పొడి గణేష్ కనుబొమల మీద పడి, తెల్లారేసరికి వాడు ముసలివాడిలా ఉన్నాడు.

అయిదున్నరకు ఏరియా మేనేజరు ఆనంద్ వచ్చాడు. విశాఖ మనిషి, ముప్పై దాటలేదు. అతను ఎత్తింది రోడ్డు వైపు షట్టరు. ఎత్తి, అక్కడే నిలబడిపోయాడు. వరసలన్నీ అతనికి వీపు చూపిస్తున్నాయి. పళ్ళు స్వాగతం చెప్పాల్సిన చోట బియ్యం బస్తాలు ఉన్నాయి. చల్లపెట్టెల వైర్లు ప్లగ్గులకు పదిహేను అడుగుల దూరంలో ఆగిపోయాయి. కొట్టు మొత్తం వెనకది ముందుకు వచ్చింది. వెనక్కి లాగవచ్చు. కానీ బోల్టులు ఊడదీసిన చోటల్లా, తెల్లటి కొత్త నేల మీద, ఎండ్రకాయ బొరియల్లా కన్నాలు మిగులుతాయి.

ఆనంద్ అరవలేదు. ఫోను తీసి ఫోటోలు తీశాడు. తర్వాత పోలారావును పక్కకు పిలిచాడు.

"పోలారావు గారూ, ఇది పైకి పంపాలి. టీమ్ అని రాస్తే టీమ్ మొత్తాన్ని తీసేస్తారు. ఒక్క పేరు చాలు. డ్రిల్లు ఎవరి చేతిలో ఉంది?"

మాట నాది. రెండే పదాలు. అవి పోలారావు నాలుక చివరిదాకా వచ్చాయి. తన తర్వాత జట్టు చెదిరిపోతుందని అనుకున్నాడు. ఏడుగురి ఇళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. తర్వాత్తర్వాత ఎన్నో రాత్రులు వెతుక్కుంటే, ఆ ఏడు ఇళ్ళ వెనకాల ఒక ఆకుపచ్చ కోటు కూడా వేలాడుతూ కనిపించింది. కానీ ఆ పొద్దున అతనికి అడిగిన ప్రశ్న ఒక్కటే వినిపించింది. దానికి జవాబు తెలుసు.

"గణేషు చేతిలో," అన్నాడు.

గణేష్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. బావ వైపు చూశాడు. చుక్కాని మీద రెండో మాట ఉండదు. డ్రిల్లు వైరును మోచేతికి చుట్టి, ముడి వేసి, నేల మీద మెల్లగా పెట్టాడు. కనుబొమలు తుడుచుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. ఆ కంపెనీ కొట్లలో ఇంకెక్కడా వాడికి పని దొరకలేదు. నెల తిరక్కుండా వీరావల్ బోటెక్కాడు. బావ ఏ పని నుంచి తప్పించుకుని వచ్చాడో, సరిగ్గా అదే పనికి.

ఇంటి దగ్గర బంగారమ్మ ఎండు చేపలు తిరగేస్తూ అడిగింది.

"సంద్రం ఇటని అన్నది ఎవలు?"

"నానే."

"మరి పేరు మా తమ్ముడిదేల?"

"డ్రిల్లు ఆడి సేతిలో ఉన్నాది."

ఆమె వరసలో మిగిలిన చేపలన్నీ తిరగేసింది. అంతకుముందు రోజూ సాయంత్రం అతను బయల్దేరుతుంటే "ఈ రాత్రి ఏ ఊరు?" అని అడిగేది. ఆ తర్వాత అడగలేదు. అన్నం మాత్రం కట్టి ఇస్తుంది.

జట్టు పనికి వస్తూనే ఉంది. వాళ్ళకు వేరే పని లేదు. మొదటి రాత్రి, సోంపేటలో, పోలారావు తాడు సర్ది "హైలో" అన్నాడు. ఎవరూ పలకలేదు. విన్నారో లేదో అని మళ్ళీ అన్నాడు. వైకుంఠరావు కొత్తగా కొన్న ఫోనును చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. కాసేపటికి ఏడుగురూ కలిసే లాగారు. అతని పిలుపు మీద కాదు, వాళ్ళలో వాళ్ళు ఎక్కడో చూసుకుని, దాని మీద. ఒక కారం సీసా పడి పగిలింది. తొమ్మిదేళ్ళలో మొదటిది. దాని చుట్టూ అందరూ జాగ్రత్తగా అడుగులు వేశారు.

మొన్న జూన్‌లో పోలారావు శ్రీకాకుళంలో కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు. ఆనంద్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, రెండేళ్ళు ఆలస్యంగా ఆ రెండు పదాలూ అన్నాడు. మాట నాది. ఆనంద్‌కు టెక్కలి గుర్తు రావడానికి కొంత సేపు పట్టింది.

"ఆ స్టోరా? అది మూసేశాం కదండీ పోయినేడే. ఇప్పుడెందుకు అదంతా?"

"గణేషు పేరు తీయించండి సార్. నాది ఎక్కించండి."

"సిస్టంలో ఎక్కిన పేరు తీయడానికి మా దగ్గర ఆప్షన్ లేదండీ. మీది ఎక్కిస్తే మీరూ పోతారు, అతనూ రాడు. ఎవరికి లాభం?" ఆనంద్ మంచివాడే. టీ తెప్పించాడు.

తిరుగు బస్సు టెక్కలిలో ఆగితే పోలారావు దిగాడు. మూసేసిన స్టోరు అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని చూశాడు. లోపల ర్యాకులు లేవు. తెల్లటి నేల మీద రెండు రకాల కన్నాలు ఉన్నాయి. కొన్ని గణేష్ వేసినవి, కొన్ని తర్వాత ఇంకెవరో సరిచేస్తూ వేసినవి. అంత దూరం నుంచి ఏవి తప్పువో ఏవి ఒప్పువో తెలియలేదు.

వేట నిషేధానికి గుజరాత్‌లో బోట్లు ఒడ్డున కట్టే రోజులు కాబట్టి గణేష్ ఊళ్ళోనే ఉన్నాడు. మర్నాడు ఇసుకలో తాటాకు నీడన కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. పోలారావు వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చుని, గంపలోంచి ఇంకో సూది తీసి, వల కొస ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మాట నాది గణేషూ," అన్నాడు.

గణేష్ అల్లుతున్న వల కన్ను పూర్తి చేశాడు. ముడి బిగించాడు. తర్వాత చెయ్యి చాపి, బావ వేళ్ళ మధ్య నుంచి సూదిని మెల్లగా తీసుకున్నాడు.

"ఒగ్గీ బావా. నీ సేతికి అలవాటు పోనాది. పోగు తెగిపోద్ది."

"ఆపీసుకెల్లి సెప్పినాను."

"ఏటన్నారు?"

"టీ ఇచ్చినారు."

గణేష్ నవ్వాడు. పెరట్లోకి వెళ్ళానని చెప్పిన రాత్రి నవ్విన నవ్వే. "డ్రిల్లు నా సేతిలోనే ఉన్నాది బావా. నువ్వు అబద్దం ఆడనేదు. ఆడుంటే నాను నిన్ను తిట్టుదును. తిట్టీసి మర్సిపోదును." ఆ తర్వాత వాడు అప్ప బంగారమ్మ ఎలా ఉందని అడిగాడు, ఈ ఏడు జీడిపిక్క ధర ఎలా ఉందని అడిగాడు. వలలోకి చూస్తూనే అడిగాడు. పోలారావు అన్నిటికీ జవాబు చెప్పాడు. కెరటం వచ్చి పోతూ ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాడు కాబట్టి ఈసారి సముద్రం ఎటుందో అతనికి స్పష్టంగానే కనిపించింది.

పలాసలో ఈ రాత్రి పని నాలుగింటికి పూర్తయింది. మూడు సీసాలు పడ్డాయి. జట్టు చేతులు కడుక్కుని వ్యాను ఎక్కింది. వాళ్ళ మధ్యలో ఒక మనిషికి సరిపడా ఖాళీ ఉంది. ఎవరూ జరగలేదు, ఎవరూ పిలవలేదు. ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చోవడం పోలారావుకు ఇప్పుడు అలవాటే. ఎక్కబోయి ఆగాడు. రాత్రంతా షట్టరు బయట ఉన్న నేను ఇదంతా రాస్తానని అతనికి తెలుసు. నా చేతిలోని కాగితం వైపు చూశాడు, దాని మీద ఏముందో చదవడానికి ప్రయత్నించలేదు.

"నా పేరు పోలారావనే రాయండి, మార్సొద్దు," అన్నాడు. "ఆడిది మాత్రం మార్సీయండి. ఒకపాలి నానే కాగితం మీద ఎక్కించినాను. సాలు."