ఆర్నె చెయ్యి

మా కొండలు సముద్రాన్ని ఆనుకుని ఉంటాయి. మంచు తడిగా, బరువుగా పడుతుంది, రెండు మూడు రోజుల్లో గట్టిపడుతుంది. అందుకే మా ఊరు స్టూవర్ట్ జనానికి దానంటే భయం తక్కువ. వాళ్ల బదులు భయపడడమే ఆర్నె హామర్ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా వాడు కొండ మీద గొయ్యి తవ్వి చూసి "తెరవండి" అంటేనే రోడ్డు తెరిచేవారు. మొదట వెళ్లేది నేను, మంచు తోసే బండితో. నా పేరు ఒట్టో.

మంచును నిలువు దిమ్మగా కోసి, దాని మీద పార పలక పెట్టి కొడతాడు. మణికట్టుతో పది దెబ్బలు, మోచేతితో పది, భుజంతో పది. ఎంత తొందరగా విరిగితే అంత ప్రమాదం. ఆవును బుజ్జగిస్తున్నావా అని ఏడిపించేవాణ్ణి. లెక్క తప్పుతుందని నవ్వేవాడు కాదు.

ఆ డిసెంబరులో పొడి చలి రెండు వారాలు వదల్లేదు. మంచు పైన పంచదార పలుకుల్లాంటి పొర కట్టింది. తరవాత పడ్డ తడి మంచు అంతా ఒకదానికొకటి అంటుకోని ఆ పలుకుల మీదే నిలబడింది.

ఫిబ్రవరిలో రోడ్డు మూసి మూడు రోజులైంది. పాల లారీ అవతలే ఆగిపోయింది, ఊరు ఆర్నెని తిట్టిపోస్తోంది. వాడి సహాయకురాలికి జ్వరమొస్తే నన్ను తోడు తీసుకెళ్లాడు. ముప్పై దెబ్బలూ కొట్టాడు. దిమ్మ చెక్కుచెదరలేదు. రోడ్డు తెరవమనడానికి రేడియో తీశాడు.

"ఆగరా, నన్నూ ఓసారి బుజ్జగించనీ" అన్నాను.

పక్కనే ఇంకో దిమ్మ కోసిచ్చాడు. మోచేతితో రెండో దెబ్బకే పై సగం సొరుగులా జారి నా కాళ్ల మీద పడింది. నాది మొరటు చెయ్యి కదా అనుకున్నాను. వాడు మరొకటి కోసి నా చేతే కొట్టించాడు. అదీ అంతే. అప్పుడు వాడు చేతి తొడుగు తీసి పిడికిలి బిగించబోయాడు. వేళ్లు సగంలోనే ఆగిపోయాయి.

"ఎప్పట్నించిరా?"

"క్రిస్మస్ ముందు నుంచి. కప్పులు జారిపోతున్నాయి. కప్పులే కదా అనుకున్నా."

రోడ్డు మూసే ఉంచమని రేడియోలో చెప్పాడు. నా చెయ్యి పోయింది, నా లెక్కలు నమ్మొద్దు అని కూడా వాడే చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం ఆ వాలు జారి, రోడ్డు మీద నా బండికి రెండింతల ఎత్తున పడింది.

చెయ్యి సంగతి బయటపడ్డ రోజే, కిందికి దిగాక వాడు బండిలో కూర్చుని తన లెక్కల పుస్తకం తిరగేశాడు.

"క్రిస్మస్ నుంచి పదకొండు సార్లు తెరిచాను, ఒట్టో. పదకొండు సార్లూ ముందు నిన్నే పంపాను."

నాకు ఒళ్లు మండింది. రెండు వారాలు వాడి మొహం చూడలేదు.

ఇప్పుడు దెబ్బలు సహాయకురాలు కొడుతుంది, వాడు పక్కన నిలబడి లెక్కపెడతాడు. "తెరవండి" అని ఆ అమ్మాయే రేడియోలో చెబుతుంది. ఆర్నె కూడా ఆ మాట అనేదాకా నేను బండి కదపను.