వెనక్కి నడిపించే నన్నే సాహెబ్

నన్నే సాహెబ్ గారికి పిచ్చి ఒక్కటే. ఎక్కడ పొరపాటు జరిగినా దాన్ని వెనక్కి నడిపించందే వదలరు. మిగతా జడ్జిలైతే తప్పు చేసినవాడికి శిక్ష వేసేసి ఆట ముందుకు పోనిస్తారు. ఈయన మెడలో ఈల ఊది, "వెనక్కి!" అంటారు. అంతే, తప్పు జరగకముందు ఎవరు ఎలా ఉన్నారో మళ్ళీ అలా కూర్చోవాల్సిందే.

దర్శి రోడ్డులో పాత పత్తి మిల్లు షెడ్డు ఉంది. ఇప్పుడందులో మిరపకాయ బస్తాలు వేస్తున్నారు. ఏటా వేసవిలో ఆ షెడ్డులోనే రమ్మీ పోటీలు పెడతాం. డబ్బు పెట్టే ఆట కాదు, గెలిస్తే ప్రెషర్ కుక్కరు. ముప్పయ్యేళ్ళు అదే మిల్లులో కాటా దగ్గర పత్తి తూచి రిటైరైన నన్నే సాహెబ్ గారు జడ్జి. స్కోరు రాసే ఖర్మ నాది. నా పేరు ఆదాం. నాకు ఓపిక తక్కువ, ఆయనకి మరీ ఎక్కువ.

ఓసారి ఒకాయన తన వంతు రాకుండానే ముక్క లాగాడు. ఈల మోగింది.

"వెనక్కి! అప్పుడు నీ చేతిలో టీ గ్లాసుంది. పట్టుకో."

"తాగేశానండీ!"

"ఖాళీదే పట్టుకో. నిండుగా ఉందనుకో."

పక్కాయన కిసుక్కుమన్నాడు. "నువ్వప్పుడు నవ్వలేదు, తుమ్మావు. తుమ్ము" అన్నారు సాహెబ్ గారు.

"రావట్లేదండీ!"

"వచ్చిందాకా ఆగుదాం, తొందరేముంది?"

నేను తల పట్టుకున్నాను. "నువ్వప్పుడు తల పట్టుకోలేదు ఆదాం" అన్నారు.

అదొక్కటీ అయితే భరించొచ్చు. జరిగిన ప్రతి తప్పునీ నల్ల అట్ట నోటుపుస్తకంలో ఎక్కిస్తారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, తప్పెవరిది అని మూడు గళ్ళు. ఎవరికీ చూపించరు. పదకొండేళ్ళ తప్పులున్నాయి అందులో. ఆయన పెన్ను మూత తీస్తే చాలు, ఎంతటి పెద్దమనిషికైనా చెమటలు పట్టేవి. మూడో గడిలో తన పేరు పడిపోతుందని భయం.

ఈ ఏడు ఫైనల్‌కి ఎరువుల కొట్టు వీరాంజనేయులు, మిరప తొడిమలు తీసే ముఠాకి మేస్త్రి ఎలీసమ్మ వచ్చారు. ఆడమనిషి ఫైనల్‌కి రావడం ఇదే మొదటిసారి, అందుకే షెడ్డు కిక్కిరిసిపోయింది. ఎలీసమ్మ మాత్రం పొద్దుటినుంచీ బిక్కుబిక్కుమంటూనే ఉంది. "పేక ముట్టుకోవడమే తప్పని చర్చి సంఘంలో అన్నారు ఆదాం. డబ్బుల్లేని ఆటేనని బతిమాలుకుని వచ్చా. ఓడినా పర్లేదు, ఏ మాటా పడకుండా ఇంటికి పోతే చాలు" అంది నాతో.

ఇద్దరి పాయింట్లూ సమానం. ఇక ఆఖరి ఆట. వీరాంజనేయులు ముక్కలు కలిపి పంచాడు. నాలుగు చుట్లు తిరిగాయి. ఎలీసమ్మ ఓ ముక్క లాగింది, ఒకటి పడేసింది. చేతిలోవి సర్దుకుంటూ ఆగిపోయింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సాహెబ్ గారూ... నా చేతిలో పధ్నాలుగున్నాయండీ."

పడేశాక పదమూడే ఉండాలి. వీరాంజనేయులు కుర్చీ తన్నుకుంటూ లేచాడు.

"దొంగాట! ఓ ముక్క ఎక్కువ లాగేసింది! రూలు ప్రకారం ఆట పోయినట్టే. కుక్కరు ఇటివ్వండి!"

"దొంగాటంట" అన్నారు వెనకెవరో. "దొంగాటంట, దొంగాటంట" అంటూ ఆ మాట గుమ్మం దాకా పోయింది. అక్కణ్ణుంచి ఊళ్ళోకి, ఊళ్ళోంచి చర్చికి పోవడానికి ఎంతసేపు?

"దేవుడి తోడు, కావాలని తియ్యలేదయ్యా" అంది ఎలీసమ్మ.

ఆ రూలు మేమే రాసి గోడకి అంటించాం. "ఏదో ఒకటి తేల్చెయ్యండి సాహెబ్ గారూ!" అని అరిచాను.

ఈల మోగింది. "వెనక్కి!"

షెడ్డంతా ఉసూరుమంది.

"ఎలీసమ్మా, ఏ లాగుడులో రెండొచ్చాయి?"

"ఇప్పటి లాగుడులోనే అంటే సరిపోద్దేమో గానీ, నిజంగా తెలీదండీ."

ఓ అబద్ధమాడితే దీని సొమ్మేం పోయింది అని పళ్ళు కొరుక్కున్నాను. సాహెబ్ గారు మాత్రం తీరిగ్గా, "అయితే పంపకం ముందుకే పోదాం. వీరాంజనేయులూ, కూర్చో. అప్పుడు నీ కుడిచేతిలో ఏముంది?" అన్నారు.

"ఏముంటుందండీ... బజ్జీ."

"ఆదాం, ఓ బజ్జీ తీసుకురా."

"వద్దండీ, కడుపు నిండిపోయింది!"

"పట్టుకుంటే చాలు. తిన్నాక చెయ్యి కడిగావా?"

"పంచెకి తుడుచుకున్నా."

"ఆ చేత్తోనే ముక్కలు కలిపావు."

బల్ల మీద మిగిలిన కట్టలోంచి సాహెబ్ గారు పైముక్కని రెండు వేళ్ళతో పైకెత్తారు. దాని కింద నూనెకి అంటుకుని ఇంకో ముక్క వేలాడింది.

షెడ్డు గోలెత్తిపోయింది. "బజ్జీ దొంగ! బజ్జీ దొంగ!" ఈసారి నెత్తురు చుక్క లేనిది వీరాంజనేయులు మొహంలో.

"కావాలని కాదండీ!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఆయన కావాలని చెయ్యలేదులెండి" అంది ఎలీసమ్మ.

ఈల మళ్ళీ మోగింది. "ఎవడ్రా దొంగా అన్నది? బజ్జీ తింటుంటే పక్కన నుంచుని చూసింది నేను. అల్లం చట్నీ బాగుందా అని అడిగింది కూడా నేనే. ఇద్దరూ చేతులు కడుక్కోండి. కొత్త కట్ట తీసి మళ్ళీ పంచండి."

"మరి రూలో?" అన్నాను.

"రూలు తీసినవాడికిరా. అంటుకుని వచ్చినదానికి కాదు."

మళ్ళీ పంచితే వీరాంజనేయులే గెలిచాడు. కుక్కరు చంకలో పెట్టుకుని కూడా, "నా పేరు ఎక్కించారా?" అని నల్ల పుస్తకంకేసే చూశాడు. "ఎక్కించాల్సింది ఎక్కించాను పో" అన్నారు ఈయన. ఓడిపోయిన ఎలీసమ్మేమో, "ఆదివారం చర్చికి తలెత్తుకునే పోతా ఆదాం" అని నవ్వుకుంటూ వెళ్ళింది.

సాహెబ్ గారు సాయంత్రం అసర్ నమాజుకి లేచారు. నోటుపుస్తకం బల్ల మీదే ఉంది. పదకొండేళ్ళ ఉబలాటం, ఆగుతుందా? తెరిచాను.

"వంతు కాకుండా ముక్క లాగడం. ఎవరి వంతో గట్టిగా చెప్పలేదు. తప్పు జడ్జిది."

"ముక్క సరిగ్గా కనపడక రాంగ్ షో. కళ్ళజోడు తెచ్చుకోమని ముందే చెప్పాల్సింది. తప్పు జడ్జిది."

"స్కోరు కూడికలో ఇరవై తేడా. ఆదాంకి పొద్దుటినుంచీ టిఫిన్ పెట్టించలేదు. తప్పు జడ్జిది."

ఆ ఇరవై తేడా ఎవరికీ తెలీదనుకున్నాను. గబగబా పేజీలు తిప్పాను. మూడో గడిలో ఇంకెవరి పేరూ లేదు.

ఈల మోగింది. "వెనక్కి!"

గుమ్మంలో ఆయన. పుస్తకం మూశాను, పెన్ను పైన పెట్టాను, వెనక్కి నడిచి నా కుర్చీలో కూలబడ్డాను.

"నువ్వప్పుడు కళ్ళు తుడుచుకోవట్లేదు."

"మిరపకాయల ఘాటండీ. ఇది అందరికీ చూపించొచ్చుగా, పాపం భయపడి చస్తున్నారు."

"చూపిస్తే ఇంకెవడైనా నాకు భయపడతాడా? ఎవరికైనా చెప్పావో, ఈసారి నిజంగానే నీ పేరు ఎక్కిస్తా."

చెప్పేశాను. ఎక్కించుకోమనండి.