హార్మోనియం వైపు చూపు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, మూడు మాటలు. అంత చిన్నది ఇంత బరువు ఎలా ఉంటుందో నాకు అర్థం కాదు. అలసిపోయాను. అందుకే మీకు చెబుతున్నాను, మీరు నన్ను క్షమిస్తారని కాదు.

నాకు నోరున్న మనిషినని పేరు. మైదుకూరులో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతాను. స్టాఫ్ రూంలో నాతో వాదనకు దిగేవాళ్లు తక్కువ. నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాదులో ఒక టీవీ చానెల్లో చేరి, సినిమావాళ్లను ఎగతాళి చేసే బొమ్మల కామెడీ తీసేవాడు. వారానికి ఒక ఎపిసోడ్. హీరోల విగ్గులూ, నిర్మాతల జాతకాలూ, ఆడియో ఫంక్షన్ల భజనా, అన్నీ అందులో బొమ్మలయ్యేవి. సీమ మాట రాసిపెట్టమని నన్ను అడిగాడు. వాడు పంపిన మొదటి స్క్రిప్టులో మనవాళ్ల చేతిలో కొడవలి తప్ప ఇంకేమీ లేదు. గంటసేపు ఫోన్లో దులిపాను. "సినిమావాళ్లను వెక్కిరిస్తానంటూ వాళ్ల దగ్గరే కాపీ కొడతావా? మా వైపు కళాకారులు లేరా, నాటకాలు లేవా?" అన్నాను. "అయితే మీరే ఒక కథ ఇవ్వండి మేడమ్," అన్నాడు.

నా దగ్గర కథ ఉంది. కానీ అది నాది కాదు.

చిన్నప్పటినుంచీ నేనెరిగిన కరుణక్కది కోయిలకుంట్ల. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడేది, తిరునాళ్లకు పౌరాణిక నాటకాల్లో రాణి వేషం కట్టేది. ముప్పై ఏళ్లు ఆమెకు హార్మోనియం వాయించింది దస్తగిరన్న ఒక్కడే. పద్యనాటకాల్లో హార్మోనిస్టు స్టేజీకి కుడి పక్కన కూర్చుంటాడు. పద్యం ముగించి రాగం ఎత్తుకునే ముందు కరుణక్క అటు ఒక్కసారి చూసేది. ఆయన శ్రుతి అందించేవాడు. ఆ చూపు లేకుండా ఆమె ఎన్నడూ రాగం తీయలేదు.

ఒకసారి ఆమెకు సినిమాలో తల్లి వేషం వచ్చింది. ఒకే సీను, కొడుకు శవం మీద పడి ఏడవాలి. డైలాగు చెప్పింది, ఆగింది, అలవాటు చొప్పున కుడి పక్కకు చూసింది. అక్కడ లైట్‌బాయ్ నిలబడి ఉన్నాడు. మళ్లీ తీశారు, మళ్లీ చూసింది. పదకొండుసార్లు. సెట్టంతా పగలబడి నవ్వింది. చివరికి ఆ సీనే సినిమాలో లేకుండా చేశారు. ఆ సెట్టు బయట ఈ సంగతి తెలిసింది ఇద్దరికే: దస్తగిరన్నకూ, నాకూ. నాకు ఎందుకు చెప్పిందో! ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది.

దాన్నే రాసిచ్చాను. బొమ్మల్లో ఒక లావుపాటి నాటకాలావిడ. డైలాగు చెప్పిన ప్రతిసారీ మెడ గుడ్లగూబలా కుడికి తిరుగుతుంది. షూటింగులో తిరుగుతుంది, ఇంటర్వ్యూలో తిరుగుతుంది, చివరికి అవార్డు తీసుకుంటూ కూడా తిరిగి స్టేజీ మీంచి పడిపోతుంది. ఎపిసోడ్ బాగా వచ్చింది. అదీ ఒప్పుకోవాలి. నేనూ నవ్వాను. అది వెక్కిరింత కాదు, సినిమావాళ్ల మీద వ్యంగ్యం అని నాకు నేను చెప్పుకున్నాను. వ్యంగ్యమైతే పడిపోవాల్సింది డైరెక్టరు గదా? ఆవిడెందుకు పడింది? ఈ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు. నా మాటలు టీవీలో వినపడుతున్నాయన్న సంబరంలో ఉన్నాను.

ఫోన్లలో అది ఊరూరా తిరిగింది. నాటకాల్లో ఆమె చూపు ఎరిగిన కోయిలకుంట్ల బడిపిల్లలు కరుణక్కను చూసి మెడలు తిప్పారు. వారం లోపలే ఆమె బస్సెక్కి మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకుండా వాకిట్లోనే నిలబడింది.

"పాపా, ఆ బొమ్మల్ది చూసినావా?"

"చూసినాక్కా."

"షూటింగులో నేను తల తిప్పింది వాళ్లకెట్ల తెలుస్తాది? శానా దూరం ఆ హైదరాబాదు, ఆ సెట్టోళ్లకు నా పేరు గూడా తెల్దు. నేను చెప్పిండేది ఇద్దరికే. ఇంకెవురికీ చెప్పలే, మా ఇంటాయనకు గూడా."

లోపలికి రమ్మని కుర్చీ జరిపాను.

"కోపం రాలేదులే. నగుతారు, నగనీ. నా మొగం మీద రంగు పూసుకున్నప్పుడే సిగ్గు ఇడిసిపెట్టినా. యాడ నుంచి పోయిందో అది చెప్పు సాలు. నువ్వేనా?"

చూడండి, ఆమె దారి కూడా చూపించింది. కోపం రాలేదంది. అవునక్కా అని ఉంటే రెండు తిట్లు తిట్టి కాఫీ అడిగేదేమో. కాలేజీలో అందరి తప్పులూ ఎంచే నా నోరు ఆ ఒక్క మాట దగ్గర పక్కకు జారింది.

"నేను కాదక్కా. దస్తగిరన్న."

ఆమె చాలాసేపు నా వైపే చూసింది. "ఆయప్పనా," అంది. అంతే. మంచినీళ్లు కూడా తాగకుండా పోయింది.

ఆ ఏడు తిరునాళ్లలో ఆమె నాటకానికి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? ఏమీ కాలేదని చూసుకోవడానికేమో. దస్తగిరన్న ఎప్పటిలాగే కుడి పక్కన కూర్చున్నాడు. కరుణక్క పద్యం ముగించింది. అటు తిరగలేదు. జనం వైపే చూస్తూ రాగం ఎత్తింది. శ్రుతి తప్పింది. ఆయన తడబడి, ఆమె తప్పు ఎవరికీ తెలియకుండా తన మెట్లు మార్చి వెంటపడ్డాడు. ఆమె మళ్లీ తప్పింది. ఆయన మళ్లీ వెంటపడ్డాడు. నాటకం ముగిసేదాకా అదే పని. ఈలలు వేసినవాళ్లున్నారు. ఆమె ఒక్కసారి కూడా కుడికి చూడలేదు. ఆ తర్వాత వేషం కట్టలేదు.

పోయిన సంవత్సరం కరుణక్క చనిపోయింది. చర్చిలో శవపేటికకు కుడి పక్కన దస్తగిరన్న నిలబడ్డాడు. కావాలని నిలబడ్డాడో, అలవాటు కొద్దీ నిలబడ్డాడో. బయటికి వచ్చాక నా దగ్గరికొచ్చి, "నేనేం తప్పు జేసినానో తెల్దు మేడమ్. ఎనిమిదేండ్లు నాతో మాట్లాడల్యా. నీకేమన్నా చెప్పిందా?" అన్నాడు.

లేదన్నాను.

రెండోసారి. మొదటిసారి భయపడ్డానని అనుకోవచ్చు. రెండోసారి దేనికి భయపడ్డాను? అడగాల్సినామె పెట్టెలో ఉంది. పోయే పరువు కూడా లేదు. అయినా లేదన్నాను. చెబితే ఆ ముసలాయనకు ఇంకా బాధ కలుగుతుందని సాకు వెతుక్కున్నాను. నాతో నేనే వాదించి నెగ్గేస్తాను, అదే నా జబ్బు.

దస్తగిరన్నకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. ఇది చదవడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానని మీరంటే కాదనలేను. ఎదురుగా పోయి చెప్పగలనో లేదో తెలియదు, మాట ఇవ్వను. కానీ ఆ మూడు మాటలనూ ఒక్కసారైనా సరైన వరసలో పెట్టాలి. వాకిట్లో ఆమె చెప్పులతో నిలబడిన చోటు ఇక్కడినుంచి కనపడుతోంది. అటే చూస్తూ రాస్తున్నాను.

దస్తగిరన్న కాదక్కా. నేను.